లంగరు దీపాలు

పొద్దున్న తిన్నాక మాత్ర.
తిన్నాకే, పెద్ద గ్లాసు నీళ్లతో,
లేకపోతే కడుపులో కవ్వం తిప్పినట్టుంటుంది.
ఏడేళ్లయింది.
కనురెప్పలు ఉబ్బి లేస్తాను,
రాత్రంతా ఎవరికోసమో ఏడ్చినదానిలా.
ఎవరికోసమూ కాదు. మందు అలాంటిది.

ఫిషింగ్ హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీలో
దిమ్మల లెక్క రాసేదాన్ని.
ఏ బోటుకి ఎన్ని, ఎవరి ఖాతా, ఎంత బాకీ.
నా నెత్తురు కాగితం మొదటిసారి చేతికిచ్చినప్పుడు
ఇదేదో సీజను లెక్కలా ఉందే అనుకున్నాను:
లక్షా ఎనభై వేలు.
డాక్టరమ్మ తెల్లకణాలంది. సైనికులంది.
నాకు సైనికులు తెలీదు.
వేట నిషేధం రోజుల్లో హార్బరు తెలుసు.
బోటుకి బోటు ఒరుసుకుని, నీళ్లు కనపడనన్ని బోట్లు,
ఒక్కటీ సముద్రంలోకి పోదు.
నా ఒంట్లో అదేనా అన్నాను.
ఆవిడ పెన్ను మూసి కాసేపు నా వైపు చూసింది.

ఇప్పుడు ఊరికి జబ్బు చేసింది.
బీచి రోడ్డు మీద కుక్కలు అడ్డంగా పడుకున్నాయి.
పోలమ్మ తట్ట దించకుండానే
గేటు బయటినుంచి కేకేస్తుంది:
"ఒలమ్మా, కవళ్లున్నాయి, తలుపు తీయకు,
గోడ మీదెడతాను, డబ్బులు తరవాత."
ఆమె ముఖానికి చీర చెంగు, నా ముఖానికి గుడ్డ.
కళ్లతోనే బేరం.
కళ్లతో ఆడితే ఎప్పుడూ నేనే ఓడిపోతాను.

పోర్టు ఆగలేదు.
ఓడకి జబ్బూ తెలీదు, సెలవూ తెలీదు.
దాలినాయుడు, అంటే మా ఆయన,
డ్యూటీ దిగి, కింద కుళాయి దగ్గరే నెత్తిన నీళ్లు పోసుకుని
తిన్నగా మేడ మీదకి పోతాడు.
ముప్పై ఏడు రోజులు.
కంచం మెట్టు మీద పెట్టి నేను వెనక్కొస్తే
అప్పుడు దిగి తీసుకెళ్తాడు.
పెళ్లయిన కొత్తలో కూడా మేం ఇంత మర్యాదగా లేం.

మాత్రలు నాలుగుకొచ్చాయి.
నాలుగొందల నంబరు బస్సు లేదు.
పాల వ్యాను వెనక, ఖాళీ ట్రేల మధ్య కూర్చుని
అగనంపూడి ఆసుపత్రికి బయల్దేరాను.
గాజువాక దగ్గర ఆపాడు,
మీసం ఇంకా కుదురుకోని కానిస్టేబులు.
ఫైలు తిప్పాడు. ఆ పెద్ద మాట దగ్గర వేలు ఆగింది.
రెండడుగులు వెనక్కేసాడు.
"ఇది అంటుకుంటాదా?"
"నాది అంటుకోదు బాబూ. అంటుకునేది మీ అందరిదీ."
అనకూడదు. అన్నాను.
అతని చెవులు ఎర్రబడ్డాయి.
వాళ్లమ్మకి షుగరట, పదిరోజులుగా చూళ్లేదట.
నేనడగలేదు, అతనే చెప్పాడు,
ఫైలు నా చేతికి కాక ట్రే మీద పెడుతూ.

మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇచ్చారు.
వచ్చేదారంతా సంచి ఒళ్లోనే.
పక్కన ఎవరూ లేకపోయినా
చోటు ఇరుగ్గా ఉన్నట్టు ముడుచుక్కూర్చున్నాను.

భయం లేదని చెప్పను.
పక్కింటి దగ్గు గోడలోంచి వస్తుంది.
పొడి దగ్గో, తడి దగ్గో, ఎన్నో గంటకో
రాసిపెడుతున్నాను, దిమ్మల్లాగే,
పాత పుస్తకంలో, బాకీ గడిలో.

రాత్రి వీధంతా అణిగాక
కొండ మీద లైట్‌హౌసు వెలుగు మా కిటికీని తాకి పోతుంది.
బయట సముద్రంలో ఓడలు,
ఒడ్డుకి రమ్మనేవాళ్లు లేక లంగరేసి, దీపాలు పెట్టుకుని.
"ఎన్ని?" అంటాడు మేడ మీంచి.
"తొమ్మిది."
"పదకొండు. సరిగ్గా చూడు."
కిటికీ ఊచ వెనక రెండు దాక్కున్నాయి, తెలుసు.
తల కొంచెం వంచితే కనపడతాయి.
"తొమ్మిదే" అంటాను,
అతను మళ్లీ మొదట్నించీ
గట్టిగా లెక్కపెట్టడానికి.